బస్సుకు పైకము, సైకిలుకు దారి

నగరాలు సైకిలును ప్రోత్సహించవలెనా, లేక బస్సులు, రైళ్ళ వంటి ప్రజారవాణాకే పెద్దపీట వేయవలెనా అన్న చర్చ కొంతకాలంగా పత్రికలలోనూ, సభలలోనూ తరచుగా వినబడుతున్నది. ఈ చర్చ చేసేవారు సాధారణంగా హైదరాబాదునో, బెంగుళూరునో, ఢిల్లీనో మనసులో పెట్టుకొని మాట్లాడతారు. వారి లెక్కలో నగరమంటే అంతే. తెనాలి, బాపట్ల, రేపల్లె వంటి పేర్లు ఆ మాటలలో ఎక్కడా దొర్లవు. కాని కోట్లాదిమంది పట్టణవాసులు బ్రతుకు వెళ్ళదీసేది ఇటువంటి ఊళ్ళలోనే. అందుచేత ఈ ప్రశ్నను ఒకసారి మా డెల్టా కాలువగట్టు మీద నిలబెట్టి చూద్దామని నా ప్రయత్నం.

ముందుగా ప్రశ్న స్వరూపాన్ని గురించి ఒక మాట. వ్యాకరణం చదువుకొన్నవారికి వికల్పమునకు, సముచ్చయమునకు ఉన్న భేదం తెలుసు. ఇది గాని అది గాని అంటే వికల్పం. ఇదియు అదియు అంటే సముచ్చయం. సైకిలా బస్సా అని అడిగేవారు సముచ్చయం ఉండవలసిన చోట వికల్పం వాడుతున్నారని నా అభిప్రాయం. అయితే "రెండూ కావాలి" అని చెప్పి చేతులు దులుపుకోవడం కూడ పని చేసే మాట కాదు. పురపాలక సంఘం ఖజానాకు ఒక హద్దు ఉన్నది. బజారు వెడల్పుకు ఒక హద్దు ఉన్నది. ఆ హద్దులలో ఎవరికి ఏమి ఇవ్వాలో తేల్చకపోతే రెండూ కావాలన్న మాట ఏదీ అక్కరలేదన్న మాటతో సమానం. నేను చెప్పదలచుకొన్నది సూటిగా ఇది. ప్రభుత్వం దగ్గర ఉన్న పైకము బస్సుకు, రైలుకు ముందుగా చేరాలి. ఊరిలో ఉన్న దారి నడిచేవారికి, సైకిలు తొక్కేవారికి ముందుగా దక్కాలి. ఇట్లా ఎందుకు విడదీస్తున్నానో వివరిస్తాను.

మా ఊళ్ళ కొలతలు చూడండి. 2011 జనాభా లెక్కల ప్రకారం తెనాలి జనాభా సుమారు 1,65,000. బాపట్ల 70 వేల పైచిలుకు. రేపల్లె 50 వేల పైచిలుకు. తెనాలి పురపాలక సంఘం విస్తీర్ణం సుమారు 17 చదరపు కిలోమీటర్లు. అంటే ఊరి నడిబొడ్డు నుండి ఏ అంచుకు వెళ్ళినా ఇంచుమించు రెండున్నర కిలోమీటర్లు. గంటకు పన్నెండు కిలోమీటర్ల చొప్పున తీరికగా సైకిలు తొక్కేవాడికి అది పన్నెండు, పదమూడు నిమిషాల దూరం. రేపల్లెలో ఇంకా తక్కువ. పైగా ఇది కృష్ణా డెల్టా. మిట్ట లేదు, పల్లం లేదు. కాలువ వంతెన ఎక్కి దిగడమే ఇక్కడ కొండ ఎక్కి దిగడం. సైకిలు కోసమే దేవుడు పరచినట్లున్న నేల ఇది. ఇటువంటి ఊరిలో సిటీ బస్సులు తిప్పమని అడగడం అనవసరం. తిప్పినా నిలబడవు. బస్సు కోసం ఎదురుచూసే సమయంలో మనిషి గమ్యం చేరిపోతాడు.

కాని మనిషి జీవితం ఊరి పొలిమేరలోనే ముగియదు. రేపల్లెలో చదువుకొనే పిల్లవాడికి కళాశాల తెనాలిలోనో గుంటూరులోనో ఉంటుంది. భట్టిప్రోలు రోగికి పెద్దాసుపత్రి గుంటూరులో ఉంటుంది. వేమూరు రైతుకు కాగితం మీద సంతకం కావాలంటే బాపట్ల వెళ్ళాలి. నా దృష్టిలో తెనాలి, బాపట్ల, రేపల్లె మూడు వేరువేరు ఊళ్ళు కావు. పల్లెలతో కలిపి చూస్తే అది మూడు కొసలున్న ఒకే నగరం. ఆ కొసల మధ్య దూరం ముప్ఫై నుండి యాభై కిలోమీటర్లు. ఆ దూరానికి సైకిలు చాలదు. అక్కడ బస్సు కావాలి, రైలు కావాలి.

ఈ త్రికోణంలో రెండు భుజాలకు రైలున్నది, మూడవదానికి లేదు. బెజవాడ నుండి మద్రాసుకు పోయే ప్రధానమార్గం 1899 నాటికే వచ్చింది. దాని మీద తెనాలి, నిడుబ్రోలు, అప్పికట్ల, బాపట్ల ఉన్నవి. 1916లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేవారు గుంటూరు నుండి తెనాలి మీదుగా రేపల్లెకు దారి వేశారు. తెనాలి నుండి రేపల్లెకు సుమారు 34 కిలోమీటర్లు. జంపని, వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లికోన దాటి రేపల్లెలో ఆ పట్టాలు ఆగిపోతాయి. కృష్ణ దాటి మచిలీపట్నం దాకా పొడిగించాలన్న కోరిక ఏళ్ళ తరబడి కోరికగానే ఉండిపోయింది. రేపల్లె నుండి బాపట్లకు నేరుగా రైలు లేదు. రైలులోనే వెళ్ళాలంటే తెనాలి దాకా ముప్ఫై నాలుగు కిలోమీటర్లు వెనక్కు పోయి, అక్కడ దిగి, మరో బండి ఎక్కి, మళ్ళీ నలభై కిలోమీటర్ల పైచిలుకు దక్షిణంగా రావాలి.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు బాపట్ల జిల్లా కేంద్రమైంది. రేపల్లె, భట్టిప్రోలు, వేమూరు ఆ జిల్లాలోకి వెళ్ళినవి. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. పరిపాలన ప్రజలకు దగ్గర కావాలన్నది పునర్విభజన ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కాని దగ్గర, దూరం అనేవి పటం మీద గీతతో కొలిచేవి కావు. పింఛను కాగితం పట్టుకొని బాపట్ల పోవలసిన ముసలమ్మకు ఉదయం ఎక్కడానికి ఒక బస్సు, సాయంత్రం తిరిగి రావడానికి ఒక బస్సు ఉంటే అది దగ్గర. లేకపోతే కలెక్టరు కార్యాలయం పొరుగు వీధిలో ఉన్నా దూరమే. జిల్లాను గీసిన చేత్తోనే బస్సుల వేళల పట్టిక కూడ గీయవలసి ఉండెను.

ఇక్కడ బస్సు అన్న మాట గురించి ఒక చిన్న ముచ్చట. వృత్తిరీత్యా తెలుగు పండితుణ్ణి గనుక చదువరులు మన్నించాలి. బస్సు అనేది ఇంగ్లీషు మాట అనుకొంటాము. నిజానికి అది ఆమ్నిబస్ అన్న లాటిన్ పదపు తోక. లాటిన్‌లో ఆమ్నిస్ అంటే సమస్తము. దాని చతుర్థీ బహువచనం ఆమ్నిబస్. అనగా అందరి కొఱకు. పంతొమ్మిదవ శతాబ్దం తొలిభాగంలో ఫ్రాన్సులో ఎవరైనా డబ్బిచ్చి ఎక్కగలిగిన గుర్రపు బండికి ఆ పేరు పెట్టారు. కాలక్రమాన ముందుభాగం ఊడిపోయి చివరి ముక్క మిగిలింది. మన చిన్నయసూరి లెక్కలో చెప్పాలంటే కొఱకున్, కై అన్న విభక్తి ప్రత్యయం మాత్రమే మిగిలి, ప్రకృతి జారిపోయింది. "అందరు" పోయి "కొఱకు" మిగిలింది.

మా ప్రాంతంలో జరిగింది అక్షరాలా అదే. నా ఉద్యోగపు తొలిరోజులలో బస్సు అందరిదీ. కరణంగారు, కూలివాడు, తాసీల్దారు కచేరీ గుమాస్తా, పురిటికి వెళ్ళే ఆడపిల్ల, బడిపంతులు ఒకే బస్సులో వెళ్ళేవారు. బస్సు ఆలస్యమైతే అందరికీ కోపం వచ్చేది. ఆ కోపానికి ఒక బలం ఉండేది. తరువాత మోటారు సైకిలు కొనగలిగినవాడు కొనుక్కొని వెళ్ళిపోయాడు. కారు కొనగలిగినవాడు కారులో వెళ్ళిపోయాడు. బస్సు మిగిలినవారిది అయింది. మిగిలినవారు అంటే వృద్ధులు, ఆడవారు, విద్యార్థులు, కూలీలు, రోగులు. వారి కోపానికి బలం లేదు. నోరున్నవాడిదే ఊరు అన్నారు గదా.

కేంద్ర ప్రభుత్వ పథకాలు కూడ ఈ ఊళ్ళను దాటిపోతూనే ఉన్నవి. 2023 ఆగస్టులో పి.ఎం. ఈ-బస్ సేవ అన్న పథకాన్ని కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. పదివేల విద్యుత్తు బస్సులు. ఎవరికి? 2011 లెక్కల ప్రకారం మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాలకు, రాజధానుల వంటి మరికొన్నింటికి. ఈ కొలతతో తెనాలికి అర్హత లేదు. బాపట్ల, రేపల్లె మాట చెప్పనే అక్కరలేదు. మూడు ఊళ్ళను, మధ్యనున్న పల్లెలను కలిపి ఒక నగరంగా లెక్కిస్తే అర్హత వస్తుంది. కాని అట్లా లెక్కించే అలవాటు మన ప్రణాళికలకు లేదు. 2006లో వచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానం వాహనాలను కాదు మనుషులను కదిలించడం ముఖ్యం అన్నది. నడకకు, సైకిలుకు, ప్రజారవాణాకు ప్రాధాన్యం ఇమ్మన్నది. మాట బంగారం. ఇరవై ఏళ్ళు కావస్తున్నా ఆ బంగారం మా ఊళ్ళ దాకా రాలేదు.

రైలు సంగతి చూడండి. 2020 మార్చిలో కరోనా కారణంగా పాసింజరు రైళ్ళు ఆగిపోయినవి. తిరిగి నడపడం మొదలుపెట్టినప్పుడు వాటికి ఎక్స్‌ప్రెస్ ఛార్జీ పెట్టారు. పది రూపాయల కనీసపు టిక్కెట్టు ముప్ఫై రూపాయలైంది. మళ్ళీ పది రూపాయలు అయ్యేసరికి 2024 ఫిబ్రవరి వచ్చింది. పట్నంలో కూర్చొన్నవారికి ఇరవై రూపాయల తేడా తేడాగా కనబడదు. వేమూరు నుండి తెనాలికి రోజూ వచ్చి బట్టల కొట్టులో పనిచేసే అమ్మాయికి రానూ పోనూ నలభై రూపాయలు. నెలకు వెయ్యి రూపాయలు. ఆ వెయ్యి రూపాయలతో ఆమె ఉద్యోగం లాభమా నష్టమా అన్నది తేలుతుంది. ప్రజారవాణా అంటే ఇదీ. ఒకరి చదువు, ఒకరి కొలువు, ఒకరి వైద్యం దాని మీద వ్రేలాడుతుంటాయి.

2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం క్రింద ఆడవారికి పల్లెవెలుగు మొదలు ఎక్స్‌ప్రెస్ దాకా ఉచిత ప్రయాణం వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరు నుండే ఉన్నది. దీనిని ఎగతాళి చేసేవారున్నారు. ఆడవారు ఊరికే తిరుగుతున్నారని వారి ఆక్షేపణ. మగవాడు మోటారు సైకిలు మీద పొద్దస్తమానం ఊరికే తిరిగినప్పుడు ఈ ఆక్షేపణ ఎవరూ చేయలేదు. ఇంటిలోని ఇల్లాలు అత్తగారిని గాని మగణ్ణి గాని డబ్బు అడగకుండా తల్లిని చూసి రావడం ఊరికే తిరగడం కాదు. నేను ఈ పథకాన్ని సమర్థిస్తున్నాను. కాని ఒక హెచ్చరిక. టిక్కెట్టు ఉచితమైనంత మాత్రాన బస్సు రాదు. పూట కొక బస్సు వచ్చే పల్లెలో ఉచిత ప్రయాణమంటే ఆకు వేసి అన్నం వడ్డించకపోవడమే. ఉచితానికి వెచ్చించే ప్రతి రూపాయికి తోడు బస్సుల సంఖ్య పెంచడానికి కూడ పైకము కేటాయించాలి. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడు చోట్లా ఆర్టీసీ డిపోలున్నవి. అంటే పునాది ఉన్నది. దాని మీద గోడ లేపడమే మిగిలింది.

ఇక సైకిలు. ఇది మా ఊళ్ళకు పరాయిది కాదు. ఒకప్పుడు తెనాలి బజారులో సైకిలు బెల్లు వినకుండా నాలుగడుగులు వేయడం సాధ్యమయ్యేది కాదు. ప్రతి సెంటరులో అద్దె సైకిళ్ళ షాపు ఉండేది. గంట లెక్కన అద్దె. పిల్లలకు అరసైకిళ్ళు. సైకిలుకు పురపాలక సంఘానికి పన్ను కట్టి బిళ్ళ తగిలించుకోవాలి. రాత్రి దీపం లేకపోతే, డబుల్సు తొక్కితే పోలీసు పట్టుకొనేవాడు. ఇప్పటివారికి ఇది హాస్యంగా ఉండవచ్చు. కాని ఆ పన్నులో, ఆ జరిమానాలో ఒక గుర్తింపు ఉన్నది. సైకిలు కూడ దారికి హక్కుదారు అని ప్రభుత్వం అంగీకరించిన గుర్తింపు. పన్ను పోయింది. దానితోపాటు హక్కు కూడ పోయింది.

సైకిలు విలువ ఎంతో నాకు తెలిపినది ఒక విద్యార్థిని. నేను పనిచేసిన ఒక పాఠశాలకు నాలుగు కిలోమీటర్ల దూరాన ఒక పల్లె. ఆ దారిన బస్సు లేదు. అన్న, చెల్లెలు ఒకే సైకిలు మీద బడికి వచ్చేవారు. ఆ పిల్లకు ఛందస్సు కొట్టినపిండి. నల్లబల్ల మీద పద్యపాదం వ్రాస్తే సుద్దముక్క తీసుకొని గురులఘువులు గుర్తించి, గణాలు విడదీసి, యతిస్థానం క్రింద గీత గీసేది. పాఠం చెప్పేవాడికి అంతకంటె ఏమి కావాలి! అన్న పది పూర్తిచేసి పట్నంలో ఇంటరులో చేరాడు. సైకిలు అతనితో వెళ్ళింది. తొమ్మిదవ తరగతి నడుమ పిల్ల బడి మానేసింది. నేను వాళ్ళ ఇంటికి వెళ్ళి అడిగితే తండ్రి అన్నమాట ఇది: "నాలుగు కిలోమీటర్లు ఆడపిల్లను ఒంటరిగా నడిపించమంటారా మాష్టారూ?" ఆయన దుర్మార్గుడు కాడు. పిల్లల మీద ప్రేమ లేనివాడూ కాడు. ఇంటిలో ఉన్నది ఒక సైకిలు. అది కొడుకుకు చేరింది.

ఇటువంటి ఇళ్ళు లక్షలు. బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదవ తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిళ్ళ పథకం మొదలుపెట్టింది. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అన్న ఆర్థికశాస్త్రజ్ఞులు దానిని పరిశోధించి 2017లో ప్రకటించారు. ఆ వయసు ఆడపిల్లలు ఉన్నత పాఠశాలలో చేరడం నూటికి 32 వంతులు పెరిగింది. మగపిల్లలకు వారికి ఉన్న అంతరం నూటికి 40 వంతులు తగ్గింది. తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాలో 1990లలో షీలారాణి చుంకత్ కలెక్టరుగా ఉండగా అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా పల్లెటూరి ఆడవారు వేలాదిగా సైకిలు నేర్చుకొన్నారు. అక్షరమూ సైకిలూ ఒకేసారి వచ్చినవి వారికి. ఈ రెండు ఉదాహరణలలోనూ సైకిలు వ్యాయామ సాధనం కాదు, పర్యావరణ నినాదం కాదు. తలుపు తెరిచిన తాళంచెవి.

మరి అట్టి సైకిలు మా బజారులో ఎందుకు కనుమరుగైంది? రెండు కారణాలు. ఒకటి భయం, రెండవది సిగ్గు.

భయం అకారణం కాదు. కేంద్ర రవాణాశాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో మరణించినవారు 1,68,491 మంది. అందులో నూటికి 44 మంది మోటారు ద్విచక్ర వాహనాల మీద వెళ్ళేవారు. నూటికి 19 మందికి పైగా కాలినడకన పోయేవారు. ఇరుకు బజారులో ఇసుక లారీ, బడి బస్సు, ట్రాక్టరు, ఆటో, మోటారు సైకిలు ఒకదానినొకటి రాసుకొంటూ పోతుంటే నడుమ పన్నెండేళ్ళ పిల్లను సైకిలు మీద పంపే ధైర్యం ఏ తల్లికి ఉంటుంది? ఆ తల్లి చేసేది ఏమిటి? అప్పు చేసి స్కూటరు కొంటుంది. అంటే అదే రద్దీకి మరొక బండి చేరుతుంది. మరొక తల్లికి భయం పెరుగుతుంది.

సిగ్గు మాట. రైల్వే స్టేషనులోను, సినిమాహాలులోను "సైకిల్ స్టాండు" అన్న పలకలు ఇప్పటికీ ఉన్నవి. లోపల చూస్తే నూరు మోటారు సైకిళ్ళు, ఒకటో రెండో సైకిళ్ళు. మాట మిగిలింది, అర్థం వెళ్ళిపోయింది. సైకిలు మీద వచ్చినవాణ్ణి చూసి స్టాండువాడే తేలికగా మాట్లాడతాడు. పెండ్లి చూపులకు సైకిలు మీద వెళ్ళే కుర్రవాడు నేడు ఉన్నాడా? 1952లో పార్లమెంటుకు వెళ్ళిన పుచ్చలపల్లి సుందరయ్యగారు సైకిలు మీద సభకు వెళ్ళేవారు. తరువాత ఆంధ్ర శాసనసభకు కూడ అట్లే వెళ్ళారు. ఆయన గౌరవానికి వీసమెత్తు లోటు రాలేదు. పెద్దవారు తొక్కితే సిగ్గు పోతుంది. తెలుగునాట సైకిలు ఒక రాజకీయ పక్షపు ఎన్నికల గుర్తు కూడ గనుక ఈ వ్యాసానికి దానితో ఎట్టి సంబంధమూ లేదని మనవి చేసుకొంటున్నాను. గుర్తుగా ఎంత ఊరేగినా బండిగా దానికి ఒరిగినది ఏమీ లేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. సైకిలు పేరిట ఖర్చు పెట్టడం వేరు, సైకిలుకు దారి ఇవ్వడం వేరు. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి, పైన సౌరఫలకాల కప్పుతో, 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. అందంగా ఉన్నది. ఎండ వాన తగలదు. దాని మీద తొక్కేవారిలో చాలామంది తెల్లవారుజామున వ్యాయామానికి వచ్చేవారు. రోజుకూలికి, పాలవాడికి, కాపలాదారుకు కావలసినది ఇంటి నుండి పని దగ్గరకు పోయే మామూలు దారి. వారికి కప్పు అక్కరలేదు. వెనుక నుండి లారీ రాకపోతే చాలు.

నెదర్లాండ్స్ దేశం పుట్టుకతోనే సైకిళ్ళ దేశం అనుకొంటారు. అట్లా కాదు. అక్కడ కూడ కార్లు పెరిగి సైకిలు మూలపడిన రోజులున్నవి. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద మూడు వేల మందికి పైగా చనిపోయారు. అందులో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. అప్పుడు పిల్లల హత్య ఆపండి అన్న పేరుతో తల్లిదండ్రులు ఉద్యమించారు. వారు అడిగినది సైకిలు కాదు, భద్రమైన దారి. దారి వచ్చాక సైకిలు దానంతట అదే వచ్చింది. ఇప్పుడు యూట్రెక్ట్ రైల్వే స్టేషను క్రింద 12,500 సైకిళ్ళు నిలిపే చోటున్నది. ఇల్లు నుండి స్టేషను దాకా సైకిలు, అక్కడ నుండి రైలు. నేను సముచ్చయం అన్నది దీనినే.

ఇప్పుడు నా మొదటి మాటకు వస్తాను. బస్సుకు పైకము, సైకిలుకు దారి అని ఎందుకు విడదీశాను? బస్సు నడవాలంటే రోజూ ఖర్చు. చమురు, చక్రాలు, డ్రైవరు, కండక్టరు, మరమ్మతు. ఒకసారి కొని వదిలేస్తే నడిచేది కాదు. పల్లెకు పోయే బస్సు ఎన్నడూ లాభం తీయదు. లాభం తీయాలని అడగడం బడిని లాభం తీయమని అడగడం వంటిది. అందుకే దానికి పైకము కావాలి, ఏటేటా కావాలి. సైకిలు ఖర్చు తొక్కేవాడు తానే భరిస్తాడు. అతనికి ప్రభుత్వం చేయవలసిన సాయం డబ్బు రూపంలో తక్కువ, చోటు రూపంలో ఎక్కువ. ఒక కారు ఆగే చోట పది సైకిళ్ళు ఆగుతాయి. బజారులో కార్ల నిలుపుదలకు వదిలిన అంచును నడకకు, సైకిలుకు మళ్ళిస్తే ఖజానాకు పెద్ద ఖర్చు లేదు. ఖర్చు లేకపోయినా అది కష్టమైన పనే. ఎందుకంటే డబ్బు ఇవ్వడం కంటె చోటు ఖాళీ చేయించడానికి ఎక్కువ ధైర్యం కావాలి.

చోటు ఎక్కడున్నది అంటారు. మా ఊళ్ళకు దేవుడిచ్చిన చోటు ఒకటున్నది. అవే కాలువగట్లు. 1855లో కృష్ణకు బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతటా కాలువలు విస్తరించినవి. తెనాలి నడుమ నుండి మూడు కాలువలు పారుతున్నవి. ఒకప్పుడు ఈ కాలువలే మా ప్రజారవాణా. కొమ్మమూరు కాలువ బకింగుహాము కాలువతో కలిసి మద్రాసు దాకా పడవదారి. పడవలు పోయినవి, గట్లు మిగిలినవి. కొన్ని గట్లు ఇప్పటికే మోటారు దారులైనవి. కొన్ని ఆక్రమణలలో ఉన్నవి. పూడిక తీసే యంత్రాలకు కొంత చోటు వదలాలి. ఇవన్నీ తీసివేయగా మిగిలిన గట్ల మీద గులకరాయి పరచి, మోటారు బండి ఎక్కకుండా రెండు రాళ్ళు పాతి, ఇరువైపులా కానుగో, వేపో నాటితే పల్లె నుండి పట్నం బడికి నీడ దారి ఏర్పడుతుంది. భూమి కొననక్కరలేదు. అది ప్రభుత్వ భూమే.

దీనికి తోడు మరికొన్ని పనులు. బస్టాండులోను, రైల్వే స్టేషనులోను సైకిలు స్టాండు ఉచితం చేయాలి, కప్పు వేయాలి. ఉదయం బడి వేళ, సాయంత్రం బడి విడిచే వేళ ఊరిలోకి లారీలను రానీయకూడదు. రేపల్లె నుండి తెనాలి వచ్చే బండి వేళకు బాపట్ల వైపు పోయే బండి వేళ కలవాలి. రేపల్లె, బాపట్లల నడుమ నేరుగా బస్సు గంటకొకటి, చీకటి పడిన తరువాత కూడ ఉండాలి. ఇవేవీ ఆకాశానికి నిచ్చెనలు కావు. వేళల పట్టిక, నాలుగు రేకులు, రెండు రాళ్ళు, ఒక ఉత్తరువు.

ఆక్షేపణలు వినబడుతున్నవి. రోహిణీ కార్తెలో సైకిలు ఎవరు తొక్కుతారు అంటారు. నిజమే. మధ్యాహ్నం రెండింటికి ఎవరూ తొక్కలేరు. కాని బడి, కార్యాలయం, కూలి పని ఉదయం మొదలవుతాయి. అసలు ఎండకు మొదటి మందు నీడ. రోడ్డు వెడల్పు పేరిట చింతచెట్లు, రావిచెట్లు కొట్టివేసి, ఎండగా ఉన్నది గనుక సైకిలు పనికిరాదు అనడం న్యాయం కాదు. తుపాను రోజులలో, ఒంట్లో బాగులేని రోజులలో, ముసలితనంలో సైకిలు చాలదు. అందుకే బస్సు ఉండాలని చెప్పింది. సైకిలు ఒక్కటే చాలునని చెప్పేవారు తమకు కూడ ఎనభై ఏళ్ళు వస్తాయన్న మాట మరచిపోతున్నారు.

ఆటోవాళ్ళ కడుపు కొట్టవద్దంటారు. అది ఆలోచించవలసిన మాట. బస్సు లేని దారులలో ఇన్నేళ్ళు ప్రజలను మోసినది ఆటోయే. ఉచిత బస్సు వచ్చాక వారి రాబడి తగ్గిందని 2025 అక్టోబరులో ప్రభుత్వం ఏటా పదిహేను వేల సాయం మొదలుపెట్టింది. సాయం మంచిదే. దానికంటె మంచిది పని ఇవ్వడం. పెద్ద రోడ్డు మీద బస్సు, అక్కడ నుండి పల్లెలోకి ఆటో అని వేళలు కుదిర్చితే ఇద్దరూ బ్రతుకుతారు.

అందరికీ మోటారు సైకిళ్ళు వచ్చిన తరువాత ఈ పాత గొడవ ఎందుకంటారు. అందరికీ రాలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఇంచుమించు సగం ఇళ్ళకు మోటారు ద్విచక్ర వాహనం ఉన్నది. మిగిలిన సగానికి లేదు. ఉన్న సగంలో కూడ ఇంటికి ఒకటి. అది ఎవరి చేతిలో ఉంటుందో నేను చెప్పనక్కరలేదు. వెనుకటి సైకిలు కొడుకుతో పట్నం వెళ్ళినట్లే ఇప్పటి మోటారు సైకిలు మగవానితో వెళుతుంది. ఇంటిలో మిగిలిన నలుగురు కాళ్ళ మీద ఆధారపడతారు. లెక్క ఇంటికి కాదు, మనిషికి కట్టాలి.

నేను చెప్పిన కొలత ఒకటే. ఒక ఊరి రవాణా బాగున్నదా లేదా అని తెలుసుకోవడానికి ఫ్లైఓవరు పొడవు చూడవద్దు. పన్నెండేళ్ళ ఆడపిల్ల ఒంటరిగా బడికి వెళ్ళి రాగలదా? డెబ్బై ఏళ్ళ ముసలమ్మ ఎవరినీ బ్రతిమాలకుండా జిల్లా కేంద్రానికి వెళ్ళి, చీకటి పడకముందు ఇల్లు చేరగలదా? మొదటి ప్రశ్నకు జవాబు సైకిలు దారి. రెండవదానికి జవాబు బస్సు. ఈ రెండు ప్రశ్నలలో ఒకటి చాలునని ఎవరూ అనలేరు గనుక, రెండు జవాబులలో ఒకటి చాలునని కూడ అనకూడదు. పైకము ఉన్నవారు పైకమివ్వాలి. దారిని ఆక్రమించినవారు దారివ్వాలి. మా త్రికోణానికి ఈ మాత్రం దక్కితే చాలు. విజ్ఞులు ఆలోచింతురు గాక.

స్వస్తి.